ఎడమ పెట్టెలో ఆడవాళ్లు

మదనపల్లెలో జీవానందం ఇంటికి ఎవరు పోయినా కాఫీకంటే ముందు కుర్చీ చూపిస్తారు. ముందుగదిలో గోడకు ఆనించి రెండు పెద్ద స్పీకరు పెట్టెలు, వాటి మధ్య ఆంప్లిఫయరు, ఎదురుగా ఒకే ఒక్క పేము కుర్చీ. వచ్చినవాళ్లు చుట్టాలైనా సరే, కరెంటు రీడింగు తీసేవాడైనా సరే, అందులో కూర్చుని ఒక పాట వినాల్సిందే. "ఆ పెట్టెలో తబలా, ఈ పెట్టెలో వయొలిను. పాడే మనిషి నడిమధ్యన, గాల్లో ఉండాడు. కనపడతాండాడా?" అని అడుగుతాడు. కనపడుతున్నాడని చెప్పేవరకూ లేవనివ్వడు. కరెంటు రీడింగు తీసే ఆయనకు మొదటి నెలలోనే కనపడ్డాడు. వీధిలో ఇంకా బోలెడు ఇళ్లున్నాయి మరి, పాపం.

జీవానందం మిషను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి తీసి రిటైరైన మనిషి. అయితే జనానికి ఆయన చర్చిలో పాటల గుంపును నడిపేవాడిగానే ఎక్కువ తెలుసు. చెవి అంటే ఆయనది చెవి అని చుట్టుపక్కల పేరు. హార్మోనియంలో ఒక్క మెట్టు శ్రుతి తప్పితే, వాయించేవాడికి తెలియకముందే ఈయన మొహం చిట్లుతుంది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. దాన్ని దాచుకునే రకం కూడా కాదు. "దేవుడు నాకు ఆస్తి ఇయ్యలేదు, ఎత్తు ఇయ్యలేదు. చెవులిచ్చినాడు" అని పెళ్లి పందిళ్లలో కూడా చెప్పుకునేవాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఈ మాట ఇప్పుడెందుకా అని చూసేవాళ్లు.

ఈ ఏడు ఆ గర్వానికి రెక్కలొచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చర్చిలవాళ్లు ఏటా ఒక ఊళ్లో చేరి పాటల కూటం జరుపుకుంటారు. ఈసారి కూటం కుప్పంలో. ముగింపు పాట పాడే మర్యాద మదనపల్లెకు దక్కింది. ఆ పాట జీవానందం స్వయంగా బాణీ కట్టిన కీర్తన, "బీడు మా నేలకు మబ్బువు నీవే" అనేది. ఆ కబురు తెలిసిన రోజు ఆయన టమాటా మార్కెట్టు దాకా నడిచిపోయి, కొనాల్సిందేమీ లేకపోయినా తెలిసిన ప్రతి మనిషికీ చెప్పి వచ్చాడు.

పుంగనూరులో వరమ్మ అన్నకొడుకు సుదర్శన్ ఉన్నాడు. వరమ్మ జీవానందం భార్య. సుదర్శన్ పెళ్లిళ్లకు మైకుసెట్లు బాడుగకిస్తాడు. "మామా, ఒకసారి రికార్డు చేసుకోని వింటే యాడ తప్పు పోతాందో తెలుస్తాది కదా" అని రెండు మైకులు తెచ్చుకుని వచ్చాడు. ఆ చర్చిలో తాతల కాలం నుంచీ ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. పాటల గుంపు నిలబడేదీ అదే వరసలో. సుదర్శన్ కూడా పెద్దగా ఆలోచించకుండా ఆడవాళ్ల ముందు ఒక మైకు, మగవాళ్ల ముందు ఒక మైకు పెట్టాడు. దాంతో పాట పెన్‌డ్రైవులోకి ఎక్కేసరికి ఆడవాళ్లంతా ఎడమ పెట్టెలోకీ, మగవాళ్లంతా కుడి పెట్టెలోకీ పోయారు. చర్చిలో ఎట్లా కూర్చుంటారో పెట్టెల్లోనూ అట్లానే కూర్చున్నారు. అందులో ఎవరికీ తప్పు తోచలేదు.

జీవానందం కుర్చీలో సర్దుకుని కూర్చుని పాట పెట్టాడు. మగవాళ్ల గొంతులు నిండుగా, గంభీరంగా వచ్చాయి. ఆడవాళ్లు మాత్రం దుప్పటి కప్పుకుని పాడినట్టున్నారు. ఉన్నారని తెలుస్తోంది, మాట తేలడం లేదు. సౌండు పెంచితే మగవాళ్లే పెరిగారు. ఆయనకు ఒళ్లు మండింది.

ఆ రోజు నుంచి అభ్యాసానికి పోయిన ఆడవాళ్లకు తిట్లే తిట్లు. "అమ్మా, అన్నం తిని వచ్చినారా లేదా? గొంతులు యాడ పెట్టొచ్చినారు?" అనేవాడు. వాళ్లు గట్టిగా పాడారు. ఇంకా అన్నాడు. ఇంకా గట్టిగా పాడారు. పైవరస పాడే రెజీనా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, మాట పడే మనిషి కాదు. "ఇంతకంటే గట్టిగా పాడితే అది పాట కాదు సార్, కేక" అంది. మగవాళ్లలో ఒకరిద్దరు అప్పటికే చెవులు మూసుకుంటున్నారు. అది చూసి కూడా ఆయనకు అర్థం కాలేదు. వేళాకోళం చేస్తున్నారనుకుని వాళ్లనూ నాలుగు తిట్టాడు.

వరమ్మ ఆ గుంపులో రెండో గొంతు పాడుతుంది. రెజీనా పాడే పైవరస అందరి చెవినా పడుతుంది. దాని కిందుగా, దానికి తోడుగా నడిచేది రెండో గొంతు. అది ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. లేకపోతే మాత్రం పాట కాళ్లకింద నేల లేనట్టు ఊగుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమెది అదే పని. ఎవరూ మెచ్చుకోలేదని ఏనాడూ అనలేదు.

శనివారం అభ్యాసంలో జీవానందం చెయ్యి దించేసి పాట ఆపాడు. "రెండో గొంతు అసలుకే వినపడలేదు. వరమ్మా, నీకు వయసై పోయింది, గొంతులో సత్తువ లేదు. ఈసారికి పక్కన కూర్చో" అన్నాడు. ఇంట్లో నాలుగు గోడల మధ్య అనాల్సిన మాట కూడా కాదది. అందరి ముందూ అన్నాడు.

వరమ్మ పైటకొంగు సర్దుకుని మెట్టు దిగి, పోయి బెంచీ మీద కూర్చుంది. ఆమె మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. అదే రెజీనాకు మండింది. తానూ దిగింది.

"వరమ్మక్క గొంతే మీకు వినపడలేదంటే ఇంగ మాది ఏం వినపడతాది సార్? మగోళ్లనే పిల్చుకోని పోండి కుప్పానికి. అక్క రాకపోతే మేం ఎవురం రాము."

ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లంతా దిగిపోయారు. మెట్ల మీద ఎడమవైపు ఖాళీ అయిపోయింది. రేపు కాక పై ఆదివారమే కూటం. సగం గొంతులు లేని పాటతో మూడు ఊళ్ల ముందు నిలబడితే, ఆ బాణీ కంటే దాని అవమానమే జనానికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇంట్లో వరమ్మ ఎప్పటిలాగే రాగిసంగటి, శెనక్కాయల చట్నీ పెట్టింది. మరునాడు చర్చి నుంచి వచ్చాక ఆయన ఉండబట్టలేక, "రా, ఈడ కూర్చో. నీ చెవులతో నువ్వే విను. ఆడోళ్లు యాడన్నా వినపడతాండారేమో సూడు" అని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాడు.

వరమ్మ పాటంతా విని, "నాకు బాగానే వినపడతాండారు" అంది. లేచి వంటింట్లోకి పోయింది.

ఆమె అబద్ధమాడే మనిషి కాదని ఆయనకు తెలుసు. అయితే తప్పు పెట్టెది అయ్యుండాలి. ఎడమ పెట్టె చెడిపోయింటుంది, ఆమెకు పాట కంఠతా వచ్చు కాబట్టి తేడా పట్టలేదు. ఆ ఆలోచన రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆంప్లిఫయరు వెనక చెయ్యి పెట్టి వైర్లు తారుమారు చేశాడు. ఇప్పుడు ఆడవాళ్లు కుడి పెట్టెలోకి వచ్చారు, మగవాళ్లు ఎడమ పెట్టెలోకి పోయారు.

పాట మొదలైంది. రెజీనా గొంతు తేటగా పైకి లేచింది. దాని కింద వరమ్మ గొంతు. జీవానందం కుర్చీలోంచి సగం లేచాడు. ఇంత బాగా పాడారా! మగవాళ్లు మాత్రం ఇప్పుడు ఎడమ పెట్టెలో దుప్పటి కప్పుకున్నారు.

"సూసినావా! పెట్టెదే తప్పు. ఎడమ పెట్టె చెడిపోయుండాది, అంతే!" అని వంటింటివైపు అరిచాడు. నవ్వు కూడా వచ్చింది. ఆడవాళ్లకు రెండు మంచి మాటలు చెప్పి, పెట్టె బాగు చేయించుకుంటే సరిపోతుంది.

అక్కడితో ఆపేసి ఉంటే ఆయన ఎప్పటికీ అట్లానే బతికేవాడేమో. కానీ ఆసుపత్రి అలవాటు ఊరుకోనివ్వలేదు. ఎదురుగా ఒక ఎక్స్‌రే తీస్తే సరిపోదు, పక్కనుంచి ఇంకొకటి తీస్తే గానీ ఆయన ఏనాడూ నమ్మలేదు. అందుకని వైర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఆయాసపడుతూ పెట్టెలనే మార్చాడు. చెడిపోయిందనుకున్న పెట్టెను కుడికి జరిపాడు, మంచిదాన్ని ఎడమకు తెచ్చాడు. మళ్లీ పాట పెట్టాడు.

చెడిపోయిన పెట్టెలోంచి మగవాళ్లు సింహాల్లా పాడారు. మంచి పెట్టెలోంచి ఆడవాళ్లు మళ్లీ మసకబారిపోయారు.

ఆయన కుర్చీలో కూర్చుని ఎడమచెవి అరచేత్తో మూసుకున్నాడు. ఏమీ మారలేదు. తర్వాత కుడిచెవి మూసుకున్నాడు. పాట దాదాపు గదిలోంచి వెళ్లిపోయింది.

చెయ్యి తీయడానికి భయమేసింది. ఇన్నేళ్లు జనాల ఎముకల్లో వెంట్రుకంత చీలిక ఉన్నా పట్టుకున్నవాడు, తన తలకాయలోనే ఒక పక్క మూతబడిపోతే కనిపెట్టలేకపోయాడు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. చెవిలేనివాడు పాటల గుంపును ఏం నడుపుతాడు? చెవులు తప్ప తనకు ఇంకేముంది?

తలెత్తితే వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"శానా దినాలాయ. రోడ్డుమీద మీకు ఎడమపక్క నడస్తా ఏమన్నా చెబితే పలికేవాళ్లు కాదు. కుడిపక్కకు మారితే పలికినారు. అప్పట్నుంచి ఆ పక్కే నడస్తాండా."

"మరి యాల చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? మీకుండేది ఆ ఒక్క గర్వమే కదా. దాన్ని నా చేత్తో తీసేదానికి మనసు రాలేదు. నన్నంటే అననీలే అనుకున్యా."

జీవానందం కళ్లు నిండాయి. తుడుచుకుంటే ఏడ్చినట్టవుతుందని తుడుచుకోలేదు. వరమ్మే దగ్గరకొచ్చి పాట ఆపింది. "పెట్టె చెడిపోయిందని చెప్పండి అందరికీ. నమ్ముతారు. నేనూ ఔనంటా" అంది. నిన్న తనను అందరిలో అంత మాటన్న మనిషిని కాపాడడానికి అబద్ధం కూడా ఆమే వెతికి పెట్టింది. ఆయనకు సిగ్గుతో తల తిరిగిపోయింది. అయినా ఆ పూటకు సరేనన్నాడు. భయం అట్లాంటిది.

సోమవారం తాను పనిచేసిన ఆసుపత్రికే పోయి చెవి చూపించుకున్నాడు. డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఎడమచెవి నరం బాగా బలహీనపడిందనీ, చెవిలో వినికిడి మిషను పెడితే కొంత నయమనీ చెప్పింది. ఆయన అడగాలనుకున్నది ఒక్కటే. "పాటలు నడపొచ్చా అమ్మా?"

"యాల నడపకూడదు? ఎవురు యాడ నిలబడితే మీకు వినపడతాదో అది సూసుకోండి."

ఇంటికొస్తూనే సుదర్శన్‌కు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మొదట చెప్పింది వాడికే. వాడు, "మామా, ఆంప్లిఫయర్లో మోనో అని ఒక బటను ఉంటాది, సూడు. అది నొక్కితే ఆడోళ్లు, మగోళ్లు రెండు పెట్టెల్లోనూ కలిసి వస్తారు" అన్నాడు.

ఆ బటను సంగతి ఆయనకు తెలియక కాదు. సంగీతం తెలియని వాళ్లకోసం పెట్టిన బటనని ఇన్నాళ్లూ దాన్ని చిన్నచూపు చూశాడు. ఇప్పుడు పోయి నొక్కాడు. కుర్చీని పక్కకు తిప్పి, రెండు పెట్టెలూ తన కుడివైపుకు వచ్చేట్టు కూర్చున్నాడు. తలుపు తీసి చూసినవాళ్లకు ఆయన పాటమీద అలిగినట్టు కనపడి ఉండాలి.

పాట వచ్చింది. నడిమధ్యన గాల్లో నిలబడే మనిషి లేడిప్పుడు. ఆ సంబరం పోయింది, ఇక రాదు. ఆ దిగులు ఒక చరణం సేపు ఉంది. తర్వాత మెల్లగా ఇంకొకటి తెలియసాగింది. గొంతులన్నీ ఒకే చోటినుంచి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తున్నాయి. కింద మగవాళ్లు, పైన రెజీనా, ఆ రెంటినీ పట్టి కలిపి ఉంచుతూ వరమ్మ. చిటికెడు కూడా పోకుండా పాట మొత్తం ఆయన ఒక్క చెవిలోకి వచ్చి కూర్చుంది. ఆయన కాళ్లు చాపుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత, తప్పులు వెతకకుండా హాయిగా విన్నాడు.

రెండో చరణంలో ఉలిక్కిపడి పాట ఆపి, వెనక్కి పోనిచ్చి మళ్లీ విన్నాడు. రెజీనా ఊపిరి తీసుకునే చోట పాట తెగాలి. తెగలేదు. వరమ్మ గొంతు కింది నుంచి పైకి వచ్చి ఆ స్వరాన్ని పట్టుకుని, రెజీనా తిరిగి అందుకోగానే మెల్లగా కిందికి దిగిపోయింది.

"వరమ్మా, ఇది నేను కట్టలేదే!"

"మీరు కట్టలేదు. ఆడ రెజీనాకు ఊపిరి సాలడంలేదు. నేనే పట్టుకుంటాండా" అంది వరమ్మ, చేట పక్కన పెట్టి. అదేదో కూరలో ఉప్పు సర్దినట్టు చెప్పింది.

జీవానందం ఆమెను అట్లాగే చూశాడు. ఇరవై మందిలో ఒక్కరికి కూడా తోచని పని. తోచినా, అంత ఒడుపుగా చేసి, చెప్పుకోకుండా ఊరుకోవడం ఎవరి వల్లా కాదు. ఈమెనా తాను గొంతు పోయిందన్నది? ఈమెనా మెట్టు దింపింది? ఆ క్షణంలో పెట్టె చెడిపోయిందనే అబద్ధం ఆయన నోటికి చేదయిపోయింది.

మర్నాడు సాయంత్రం రెజీనా చేత అందరికీ కబురు పెట్టించి చర్చి హాల్లో నిలబడ్డాడు. "అమ్మా, మీ గొంతులు బాగుండాయి. నా ఎడమచెవి పోయుండాది. తప్పు నాది" అన్నాడు. ఇకమీదట నడుమ నిలబడననీ, ఎడమ చివర నిలబడి కుడిచెవి గుంపువైపు పెట్టుకుంటాననీ చెప్పాడు.

మగవాళ్లలో పెద్దాయన ఒకాయన గొణిగాడు. "నడిపేవాడు నడుమ నిలబడాల గానీ, వాకిలికాడ కాపలాగాడి మాదిరి ఆ మూల యాలప్పా? కుప్పంలో జనం నవ్వుతారు."

ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు. రెజీనా మాత్రం నవ్వలేదు. "ఈడ చెప్పినారు, సంతోషం సార్. కానీ మాకు గొంతుల్లేవని మీరన్నది పుంగనూరు దాటి కుప్పం దాకా పోయుండాది. వరమ్మక్కకు వయసై పోయిందన్నది కూడా. ఆడ, మైకులో చెప్తారా? చెప్తానంటే వస్తాం."

హాలంతా ఆయనవైపు చూసింది. మూడు ఊళ్ల ముందు ఆయన చెవి కథ. పెళ్లిళ్లలో సైతం చెప్పుకున్న చెవి. వరమ్మ ఏదో అనబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"చెప్తా" అన్నాడు.

ఆదివారం బస్సు పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం దారి పట్టింది. మధ్యలో ఆపిన చోట ఆయన టీ కూడా తాగలేదు. చెప్పడేమోనని రెజీనాకు అనుమానం, చెబితే ఏమైపోతాడోనని వరమ్మకు భయం.

కుప్పంలో హాలు కిక్కిరిసి ఉంది. మదనపల్లె పేరు పిలిచారు. గుంపు ఎక్కింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. జీవానందం పోయి ఎడమ చివర, గోడకు దగ్గరగా నిలబడ్డాడు. ముందు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మైకు దగ్గరికి నడిచొచ్చాడు.

"నేను ఆ మూల నిలబడినానని నవ్వుతాండారు కదా. నవ్వండి, నాకూ అట్లే ఉండాది. నా ఎడమచెవి పనిచెయ్యదు. అది తెలీక, మా ఆడోళ్లకు గొంతుల్లేవని నేనే అన్యాను. మా ఇంటామెకు వయసై పోయిందన్యాను. గొంతులుండాయి. లేంది నాకు చెవి. ఇప్పుడు వినండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన వెనక్కి పోయి, కుడిచెవి గుంపువైపు తిప్పి, చెయ్యెత్తాడు.

అంత బాగా ఆ గుంపు ఎన్నడూ పాడలేదు. అరవలేదు, అరవాల్సిన పని లేకపోయింది. పాట అయ్యాక చప్పట్లు హాలు దద్దరిల్లేట్టు మోగాయి. కుప్పం చర్చి పెద్దాయన లేచి మైకందుకుని, ఇట్లాంటి బాణీ ఈ చుట్టుపక్కల ఎవరూ కట్టలేదని, జీవానందం సారు ఒక్క చెవి వెయ్యి చెవుల పెట్టు అని పొగిడాడు. ఒకప్పుడైతే ఆ మాటకు జీవానందం రెండు నెలలు భూమ్మీద నడిచేవాడు కాదు. ఇప్పుడు గబగబా వచ్చి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"బాణీ నాదే, కాదనను. కానీ రెండో చరణంలో ఒక సోట పైగొంతు ఊపిరి తీసుకుంటాది. ఆడ పాట తెగకుండా పట్టింది నేను నేర్పింది కాదు. మా వరమ్మ కట్టుకున్యది. మీరెవురూ పట్టించుకోలేదు, నాకు తెలుసు. నేనే ఇన్నాళ్లు పట్టించుకోలేదు. ఆ చరణం మళ్లా పాడతారు. ఆ ఒక్క సోటు వినండి."

వరమ్మ మొహం కొంగులో దాచుకుని, "ఊరుకోండి, అందరూ సూస్తాండారు" అంది. "సూడనీ" అన్నాడాయన మైకులోనే. రెజీనా నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది.

మళ్లీ చెయ్యెత్తాడు. రెజీనా గొంతు ఆగిన చోట వరమ్మ గొంతు లేచి పాటను పట్టుకుంది. ఈసారి అందరికీ వినపడింది.